గుంజితే తెగే నారి

మనశ్శాంతి గురించి మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక విశ్వాసి ఇట్లాంటి మాట రాయకూడదని కొందరు అంటారు. అననివ్వండి. పోయిన నెల హైదరాబాదులో ఒక ఫంక్షన్ హాలులో ప్రార్థన కూడిక జరిగితే మా మనుమరాలు బలవంతం చేసి తీసుకుపోయింది. ముప్పయ్యేళ్ళు కూడా నిండని ప్రసంగీకుడు. చెంపకు అంటించుకున్న మైకు, వెనక తబలా, కీబోర్డు. "మీ భారాలు వదిలేయండి. రెండు చేతులూ చాపండి. గట్టిగా ఊపిరి పీల్చండి. ఇదిగో, శాంతి వస్తున్నది" అన్నాడు. వస్తున్నదట, జడ్చర్ల బస్సు వచ్చినట్టు. హాలు నిండా ఉన్న జనం చేతులు చాపారు. నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ మాత్రం ఒక చెయ్యే చాపి, రెండో చేత్తో తన సంచిని గట్టిగా పట్టుకుంది. అక్కడ ఉన్నవాళ్ళలో అబద్ధమాడనిది ఆమె ఒక్కతే అనిపించింది.

ఆ పిల్లవాణ్ణి తిట్టే హక్కు నాకుంది. ఎందుకంటే ఆ ప్రసంగం ఒకప్పుడు నేనూ తయారు చేశాను. అతనికంటే బాగా చేశాను. చెప్పలేకపోయాను, అంతే. ఎందుకు చెప్పలేకపోయానో రాస్తాను. నాకు కీర్తి తెచ్చే సంగతి అందులో ఒక్కటీ లేదు.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటి ఎండాకాలం అది. ఆత్మకూరుకు నాలుగు కోసుల దూరంలో ఉన్న ఒక ఊరి బయటి వాడలో నేను క్రైస్తవ సంఘానికి పంతుల్ని. పొద్దున పిల్లలకు అక్షరాలు, సాయంత్రం పెద్దలకు వాక్యం, ఆదివారం ఆరాధన. ఇరవై రెండు ఇళ్ళ సంఘం. మట్టిగోడల మీద గడ్డి కప్పిన మందిరం, దాన్ని ఆనుకునే మా ఇల్లు. వాక్యం నేర్పే బడిలో రెండేళ్ళు చదివి వచ్చినవాణ్ణి. ఏ మాట ఏ అధ్యాయంలో ఉందో అడిగీ అడగకముందే చెప్పేవాణ్ణి. అట్లా చెప్పగలగడమే విశ్వాసం అనుకున్నాను. అప్పుడు నాకు పాతికేళ్ళు.

నా పరిపాలన ఎట్లా ఉండేదో కొంచెం చెప్పాలి. ప్రార్థనలకు ఒక పుస్తకం పెట్టాను. ఎవరు ఏ అవసరం కోసం ప్రార్థించమన్నారో ఎడమవైపు, దేవుడు ఏం జవాబిచ్చాడో కుడివైపు. జవాబు రాకపోతే ఆ పేరు మరుసటి వారం మళ్ళీ పైకి వచ్చేది. దేవుడు నా బడిలో వెనక వరసలో కూర్చున్న పిల్లవాడైనట్టు, పాఠం ఒప్పజెప్పేదాకా ఆయన్ను లేపి నిలబెట్టేవాణ్ణి. ఎవరు ఎంతసేపు ప్రార్థించాలో కూడా నేనే నిర్ణయించేవాణ్ణి. ఎవరైనా ప్రార్థన మధ్యలో తన ఎద్దు జబ్బులోకో, అన్నదమ్ముల గట్టు తగాదాలోకో పోతే దగ్గి ఆపేవాణ్ణి. మా ఆవిడ మోత్కూరు వైపు పిల్ల. పెళ్ళై ఏడాదిన్నర అయింది. ఆ పుస్తకాన్ని చాలా రోజులు ఊరికే చూసి, ఒకనాడు అడిగింది.

"ఏమయ్య, గిండ్ల దేవునికి గైరుహాజరు గూడ ఏస్తవా?"

నాకు కోపం వచ్చింది.

ప్రతి ఎండాకాలం జడ్చర్లలో మూడు రోజుల సభలు జరిగేవి. చుట్టుపక్కల సంఘాలన్నీ బండ్లు కట్టుకుని, బస్సులెక్కి వచ్చేవి. ఆ ఏడు మూడో రోజు సాయంత్రపు ప్రసంగం నాకిచ్చారు. పట్నంలో ఒక పెద్ద సంఘానికి పంతులు కావాలని, ఆ ప్రసంగం విని పెద్దలు తేల్చుకుంటారని అందరికీ తెలుసు. నేను ఎంచుకున్న విషయం, మనల్ని మనం దేవుని చేతికి అప్పగించుకోవడం. పదహారు పేజీలు రాశాను. గొంతు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ ఆగి జనం ముఖాల్లోకి చూడాలో పక్కన పెన్సిలు గుర్తులు. నాకు కళ్ళనీళ్ళు రావలసిన చోట ఒక చిన్న చుక్క. చుక్కలు మూడు ఉన్నాయి.

సభలకు ఇరవై రోజులుందనగా నా ఎడమ చీలమండ దగ్గర బొబ్బ లేచింది.

నారికురుపు ఇప్పటివాళ్ళకు తెలియదు. ఆ రోగం మన దేశంలో లేకుండా పోయింది, దేవునికి స్తోత్రం. మా వాడకు ఉన్నది దిగుడుబావి. మెట్లు దిగి, నీళ్ళలో నిలబడి కడవ ముంచుకోవాలి. నారికురుపు ఉన్నవాడూ అక్కడే దిగుతాడు, లేనివాడూ అక్కడే దిగుతాడు. ఈ ఏడు ఒకడి కాలి పుండులోంచి నీళ్ళలో పడిన రోగం, ఆ నీళ్ళు తాగినవాళ్ళ కాళ్ళలోంచి వచ్చే ఏడు బయటికి వస్తుంది. తెల్లటి దారం లాంటి పురుగు, మూరెడు, మూరన్నర, ఒక్కోసారి అంతకు మించి. తోలు కింద పెరిగి పెరిగి చివరికి కాలి దగ్గర బొబ్బ లేపుతుంది. నిప్పు కణిక పెట్టినట్టు మంట. బొబ్బ పగిలితే కొన కనిపిస్తుంది. ఆ కొనను ఒక పుల్లకు చుట్టి, రోజుకు కొంచెం కొంచెంగా బయటికి తియ్యాలి. గుంజితే తెగుతుంది. తెగితే లోపల మిగిలింది కుళ్ళుతుంది, కాలు పోతుంది. మా వైపు ఈ సంగతి మాటలు రాని పిల్లలకు తప్ప అందరికీ తెలుసు.

ఆ రోగం గురించిన బొమ్మ ఒకటి మా బడి గోడ మీదే ఉండేది. నేనే అంటించాను. నీళ్ళు బట్టతో వడగట్టి తాగాలని పిల్లల చేత రోజూ పాటలాగా చెప్పించేవాణ్ణి. బడి అయిపోయాక ఎండకు తాళలేక అదే బావిలోకి పిక్కల దాకా దిగి దోసిలితో తాగేవాణ్ణి. నేను దేవుని సేవకుణ్ణి కదా, పురుగు గౌరవిస్తుందనుకున్నానేమో.

బొబ్బ చూసి మా ఆవిడ "నారి లేసింది" అంది.

"చెప్పు కరిసింది," అన్నాను.

"చెప్పు కరిస్తె గింత ఉబ్బుతదా? పిల్లగాండ్లకు బొమ్మ సూపెట్టి సదువు చెప్తవు. నీ కాలు నీకు కానొస్తలేదా?"

నా మాట వినకుండా ఊళ్ళోకి పోయి కురుమ అవ్వను పిలుచుకొచ్చింది. ఆ అవ్వది గొర్రెల మంద ఉన్న ఇల్లు. ఎండాకాలం కాబట్టి కొడుకులు మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు మేతకు పోయారు. నారి తియ్యడంలో ఆమె చేతికి చుట్టుపక్కల పేరుంది. వచ్చి గడప దగ్గరే కూర్చుంది. మా ఆవిడ చెంబుతో నీళ్ళిస్తే తాగలేదు. ఎందుకు తాగలేదో మాకు తెలుసు, మాకు తెలుసని ఆమెకూ తెలుసు. తరవాత నా కాలు తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

మా ఆవిడకు నోరు ఆగదు. "ఏమవ్వా, మా నీళ్ళు తాగవు గని మా నీళ్ళల్ల పుట్టిన పురుగును ఒళ్ళె పెట్టుకున్నవు."

"పురుగుకు కులమేడిది బిడ్డా," అంది అవ్వ. "నాకున్నది."

కాలు పట్టుకోగానే తన అమ్మవారి పేరు ఏదో గొణిగింది. నేను ఊరుకోలేదు. "ఈ ఇంట్ల ఆ పేరెత్తద్దు," అన్నాను.

"ఎత్తను తీయ్. నీ ఇల్లు, నీ దేవుడు. నారి మాత్రం నాది. నడుమ నువ్వు రాకు పంతులు."

బొబ్బ పగిలి తెల్లటి కొన కనబడుతున్నది. అవ్వ చల్లటి నీళ్ళు సన్నగా ధార పోసింది. కొన కొంచెం జారింది. దాన్ని చీపురుపుల్లకు చుట్టింది. ఒక చుట్టు, ఇంకో సగం. అక్కడ ఆగింది. పుల్లను తడిబట్టతో కాలికి కట్టి, మీద ఆముదపు ఆకు కప్పింది.

"ఇంకింత వచ్చేటట్టుంది గద," అన్నాను.

"వస్తది. రేపు."

"ఇయ్యాలనే ఇంకో రెండు చుట్లు చుట్టరాదు?"

ఆమె నా ముఖం వైపు కూడా చూడలేదు. "అది ఇచ్చినంతనే తీసుకోవాలె. బిగవట్టిందంటె ఇడిచిపెట్టాలె. గొర్రె ఈనుతుంటె పిల్లను గుంజుతమా?"

పదహారు పేజీల్లో నేను చెప్పదలచుకున్నది అదే. నాకప్పుడు అది తట్టనేలేదు. చదువురాని ముసలిది, విగ్రహాలకు మొక్కేది, గొర్రె పోలిక చెబుతున్నది అనుకున్నాను. నా ప్రసంగంలోనూ గొర్రె పోలికలు రెండున్నాయి. నేను జన్మలో ఒక్క గొర్రెను కాయలేదు.

ఆ తరవాత పది రోజులు నేను చేసిన పనులు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. పుల్ల మీద చుట్లు రోజుకు పదిసార్లు లెక్కపెట్టేవాణ్ణి. ఈ లెక్కన సభలనాటికి బయటికి రాదని తేలింది. అప్పుడు సంఘాన్ని పనిలో పెట్టాను. గొలుసు ప్రార్థన. ఒక ఇంటి తరవాత ఒక ఇల్లు, ఇంటికి ఒక గంట, ఎక్కడా తెగకుండా. విన్నపం ఏమిటో చీటీల మీద నేనే రాసిచ్చాను: మూడు రోజుల్లో నారి పూర్తిగా బయటికి రావాలి. దేవునికి గడువు పెట్టాను. వాడలో ఉన్న గడియారం నాదొక్కటే. అది ఇల్లిల్లూ తిరిగింది. రెండో రోజు మధ్యాహ్నం ఒక విధవరాలి ఇంట్లో ఆగిపోయింది. ముల్లు కదలకపోతే ఆమెకేం తెలుసు, పొద్దుగూకేదాకా మోకాళ్ళ మీదే ఉండి నా కాలి కోసం ప్రార్థిస్తూనే ఉంది. సంగతి తెలిసి ఆమె మీద కేకలేశాను, గొలుసు వరస చెడిందని. ఆమె క్షమించమంది. నన్ను ఆమె కాళ్ళ మీద పడెయ్యగల మనిషి ఆ సంఘంలో ఒక్కడూ లేకపోయాడు.

మూడు రోజులయ్యాయి. నారి రోజుకు ఒకటిన్నర చుట్టు వస్తూనే ఉంది. దానికి మా చీటీలు అందినట్టు లేదు.

మా సంఘానికి ఒక పెద్ద ఉండేవాడు. జడ్చర్లకు నాతో రావలసినవాడు. మా పంతులే మూడో రోజు ప్రసంగం అని ఎనిమిది ఊళ్ళలో చెప్పుకున్నాడు. కొత్త ధోవతి కొన్నాడు. రోజూ వచ్చి, నా కాలు చూసి నాలుక చప్పరించేవాడు. సభలకు ఐదు రోజులుందనగా వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"పంతులు, ఓ మాట అడుగుత. సచ్చినోన్ని లేపినాయనకు పురుగెంత?"

"పురుగెంత," అన్నాను.

"మరి గా కురుమ ముసల్దాని పుల్లకు కాలు అప్పజెప్పి కూసుంటివి. అన్యురాలి చెయ్యి. విశ్వాసముంటె ప్రభువు పేర గుంజు. అదెందుకు రాదో నేను జూస్త."

మా ఆవిడ పొయ్యి దగ్గరి నుంచే అంది. "పెద్దయ్యా, నువ్వు సూసేదుంటె నీ కాలుకు లేసినప్పుడు గుంజుకొని సూడు."

"ఆడోళ్ళు నడుమ మాట్లాడద్దు," అన్నాడు.

ఆయన మాట వల్ల గుంజానని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. అది అబద్ధం. గుంజాలని నేను అంతకుముందే నిశ్చయించుకున్నాను. నాకు కావలసింది లేఖనంలాగా వినిపించే ఒక మాట. ఆయన దాన్ని తెచ్చిచ్చాడు. మూర్ఖుల సహవాసంలో ఉండే సుఖమే అది, మనం చెయ్యాలనుకున్న చెడ్డపనికి వాళ్ళు వాక్యం వెతికిపెడతారు.

మర్నాడు పొద్దెక్కాక మా ఆవిడ బట్టలు ఉతకడానికి పోయింది. నేను బట్ట విప్పి, ప్రార్థన చేసుకుని, పుల్లను రెండు చేతులా పట్టుకుని చుట్టడం మొదలుపెట్టాను. మొదట తేలిగ్గా వచ్చింది. జానెడు వచ్చింది. స్తోత్రం, స్తోత్రం అంటూ ఇంకా చుట్టాను. బిగపట్టినట్టయింది. నేను విడవలేదు. కుట్టిన దారాన్ని పంటితో తెంపితే వచ్చే చప్పుడు కూడా రాలేదు. పుల్ల ఊరికే నా చేతిలోకి వచ్చేసింది. పుండులో కొన లేదు. లోపలికి పోయింది.

సాయంత్రానికి కాలు తిమ్మిరెక్కింది. తెల్లారేసరికి పిక్క దాకా వాచి, ఒళ్ళు కాలిపోతున్నది. బండి కట్టి ఆత్మకూరు దవాఖానకు తీసుకుపోయారు. ఆ నాలుగు కోసుల బాటలో ఎన్ని గుంతలున్నాయో నా కాలికి తెలుసు. డాక్టరు పుండు కోసి చీము తీసి, సూది ఇచ్చాడు.

"ఎవరు గుంజిన్రు?"

"నేనే."

"సదువుకున్నోనివేనా?"

"పంతుల్ని."

ఆయన జేబులోంచి కలం తీసి నా మోకాలి కింద అడ్డంగా ఒక గీత గీశాడు. "రోజు గీడ సూదికి రావాలె. వాపు గీ గీత దాటిందంటె ఒక్క పూట గూడ ఆగద్దు. మహబూబ్‌నగర్ తోలుకపోవాలె. ఆడ కాలు తీసేస్తరు. ప్రాణమన్న ఉంటది."

ఆత్మకూరులోనే ఎరిగినవాళ్ళ వసారాలో వారం రోజులు పడుకున్నాను. పడుకుని ఆ గీతను చూశాను. వాపు దాని దగ్గరికి రెండు వేళ్ళ దూరం దాకా వచ్చింది. దాటలేదు. కిందికీ దిగలేదు. డాక్టరు ఇక ఇంటికి పొమ్మని, కదలకుండా పడుకోమని చెప్పాడు. లోపల మిగిలింది ఎటు తేలుతుందో చూడాలన్నాడు.

ఇంటికి వచ్చాక పరామర్శలు. లేఖనాల్లో కష్టపడ్డవాడి దగ్గరికి స్నేహితులు వస్తారు. మొదటి వారం నేల మీద కూర్చుని నోరు మూసుకుంటారు. వాళ్ళ మంచితనమంతా ఆ వారంలోనే ఉంది. నా దగ్గరికి వచ్చినవాళ్ళు గడప దాటకముందే మొదలుపెట్టేవారు. ఒకాయన ఇది దేవుని చిత్తం అన్నాడు. దేవుడు మెట్లు దిగి బావిలో నీళ్ళు తాగాడా, నేనా? ఒకామె నాలో ఏదో దాచిన పాపం ఉందేమో వెతుక్కోమంది. వెతకడానికేముంది, దాచింది ఒక్కటీ లేదు, అంతా వాడంతా చూస్తూ ఉండగానే చేశాను. పొరుగూరి పంతులొకాయన మంచం పక్కన కూర్చుని, "ఫికర్ చెయ్యకు, అంత ప్రభువుకు ఇడిచిపెట్టు" అని, ఆ వెంటనే తన బండి ఎద్దును ఎవరో విప్పుకుపోతున్నారేమోనని మూడుసార్లు లేచి బయటికి చూశాడు.

సంఘ పెద్ద కొత్త ధోవతి కట్టుకుని సభలకు ఒక్కడే పోయి వచ్చాడు. వచ్చి, నా కాలి వైపు చూడకుండా బల్ల మీద కూర్చున్నాడు.

"జర తొందరవడితివి పంతులు."

"నువ్వే గద గుంజుమన్నవు," అంది మా ఆవిడ.

"విశ్వాసంతోని గుంజుమన్న," అన్నాడు. తరవాత నా వైపు తిరిగాడు. "నీ జాగల ఇంకో పంతులు జెప్పిండు. నువ్వు జెప్తనన్న ముచ్చటనే. అప్పగించుకునుడు. మస్తు జెప్పిండు, అందరు ఏడ్సిన్రు. పట్నం సంఘం ఆయనకే ఇచ్చిన్రు."

కాలు పోతుందేమో తెలియని స్థితిలో ఉన్నాను. ఆ క్షణంలో నాకు నొప్పి పుట్టింది కాలి గురించి కాదు. వాళ్ళు ఏడ్చారన్నందుకు. అంతకంటే నీచమైన మనసును నేను ఇంకొకరిలో చూడలేదు.

అవ్వను మళ్ళీ పిలవడానికి నాకు ముఖం చెల్లలేదు. మా ఆవిడ చెప్పిందో, ఊళ్ళో విన్నదో, ఆమే వచ్చింది.

"తెంపినవట."

"తెంపిన."

"ఎందుకు?"

"జల్ది ఉండె."

"నీకుండె. దానికి లేదు గద." కాలు ఒళ్ళోకి తీసుకుని, కళ్ళు మూసుకుని బొటనవేలితో అంగుళం అంగుళం తడిమింది. చీలమండకు లోపలి వైపు ఒక చోట ఆగింది. "గీడికి వచ్చింది. ఇంకా బతికున్నది. నాలుగొద్దులకో, ఎనిమిదొద్దులకో మొకం సూపిస్తది. సూపిస్తె నీ కాలు నీకుంటది."

"సూపకుంటె?"

"సూపకుంటె నన్నడుగుతవేంది? నీ దేవునికి చెప్పుకో."

ఆరో రోజు అక్కడ కొన కనిపించింది. అవ్వ ఒక్క షరతు పెట్టింది. తను చుట్టేటప్పుడు నేను చూడకూడదు. "నువ్వు సూసినంతసేపు నీ కాలు గట్టివడుతది. నరాలు గుంజుకుంటయి. అది లోపలికి పోతది. మొకం గోడకు తిప్పు. నేను పొయ్యేదాక ఇటు తిరగద్దు. నేను లేనప్పుడు బట్ట ఇప్పద్దు."

దాన్ని విప్పనని నా దగ్గర మాట తీసుకుని, నమ్మక, ముడి మీద తన ముడి ఇంకోటి వేసింది. అట్లా గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలైంది. మా ఆవిడ పేడతో అలికిన మట్టిగోడ. అందులో గడ్డిపరకలు అక్కడక్కడా పైకి తేలి ఉన్నాయి. ముందు ప్రార్థన మొదలుపెట్టాను, నా పాత పద్ధతిలోనే, వరసగా, ఇది కావాలి, ఇంతలోగా కావాలి. అది అయిపోయింది. తరవాత దేవునితో వాదించాను. అదీ అయిపోయింది. తరవాత నా ప్రసంగం గోడకు చెప్పాను. మొదటి పేజీ నుంచి మొత్తం గుర్తుంది. అప్పగించుకోండి, సహోదరులారా, అని గొంతు తగ్గించవలసిన చోట తగ్గించాను కూడా. మూడో పేజీ దాకా వచ్చాను. ఒక్క మాటా తప్పు కాదు. అన్నీ నిజాలే, చెబుతున్నవాడు తప్ప. అక్కడే ఆపేశాను. ఇప్పటిదాకా దాన్ని మళ్ళీ తెరవలేదు.

ఆ తరవాత చెప్పడానికి ఏమీ మిగలలేదు. పడుకుని ఉన్నాను. నీళ్ళు కాలి మీద పడుతున్న చల్లదనం తెలుస్తున్నది. అవ్వ వేళ్ళు తెలుస్తున్నాయి. ఇవాళ ఎన్ని చుట్లు వచ్చింది అని నాలుక దాకా వచ్చేది, మింగేవాణ్ణి. ఒకరోజు అది నాలుక దాకా కూడా రాలేదు. ఎన్నో రోజో తెలియదు. పిండిగిర్ని పక్కన కాపురమున్నవాళ్ళకు అది ఆగినప్పుడే ఇంతసేపూ మోగిందని తెలుస్తుంది. అట్లా నా లోపల ఏదో ఆగింది. కాలు పోతే పోనీ అని నేను అనుకోలేదు. కాలు కావాలి, చాలా కావాలి. కానీ ఆ కావాలనడం ఒక పక్కన పడుకుని ఉంది, నేను ఇంకో పక్కన పడుకుని ఉన్నాను. దేవుడు ఆ గదిలో ఉన్నాడు. ఈ మాట నేను ప్రసంగం కోసం అనడం లేదు. ఉన్నాడు, ఏమీ అడగలేదు, నేనూ ఏమీ అడగలేదు.

అవ్వ లేచి వెళ్ళిపోయింది. నేను ఇటు తిరగలేదు. మా ఆవిడ వచ్చి, "ఏమయ్య, నిద్రవోయినవా?" అంది. లేదన్నాను. "మరి గట్లనే ఉన్నవేంది? ఇయ్యాల ఎంతొచ్చిందని అడుగుతలేవు," అని భయపడి నా నుదురు పట్టుకుని చూసింది, మళ్ళీ జ్వరం వచ్చిందేమోనని.

ఈ సంగతి కొందరికి చెప్పాను. చెప్పినప్పుడల్లా చింతించాను. అది ఎట్లా సాధించారు, రోజుకు ఎంతసేపు చెయ్యాలి అని అడుగుతారు. పద్ధతి కావాలట. నా కాలు నా చేతుల్లోంచి తీసేసుకుని, ముఖం గోడకు తిప్పి పడుకోబెడితే వచ్చింది. నేను సాధించింది నారిని తెంపడం ఒక్కటే. సంఘ పెద్దలకు ఇంకో బాధ. అమ్మవారికి మొక్కే మనిషి చేతి కింద ప్రభువు శాంతి ఎట్లా ఇస్తాడని. వాళ్ళు ఒక కమిటీ వేసి అనుమతిస్తే తప్ప ఆయన ఏ పనీ చెయ్యడని వాళ్ళ విశ్వాసం. నాది వాళ్ళకంటే గట్టి విశ్వాసం. ఆయన ఎవరి చేతినైనా వాడుకుంటాడు. నా చేతిని ఎందుకు పక్కన పెట్టాడో కూడా నాకు తెలుసు.

ఇరవై మూడు రోజులకు అవ్వ "అయిపాయె" అంది. తిరగమంది. పుల్ల మీద మిగిలిన ముక్క మొత్తం ఉంది. దాన్ని తీసుకుపోయి పొయ్యిలో పడేసింది. నేను కృతజ్ఞతా ప్రార్థన చెయ్యబోతే, "చేసుకో, గని ఇంకో పదొద్దులు కాలు కిందవెట్టకు" అని, చేతులు కడుక్కుని పోయింది.

కాలు మిగిలింది. చీలమండ మాత్రం గట్టిపడిపోయింది. మోకాలు కూడా సగానికి మించి వంగదు. నెల తరవాత ఒక ఆదివారం కర్ర పట్టుకుని మందిరానికి పోయాను. మా సంఘంలో అందరూ మోకాళ్ళూని ప్రార్థించడం ఆచారం. అందరూ మోకరించారు. నేను వాళ్ళ ముందు నేల మీద కూర్చుని, ఎడమ కాలు చాపుకున్నాను. చిన్న మందిరం, చాపితే పాదం సరిగ్గా రొట్టె, ద్రాక్షారసం పెట్టే ప్రభువు బల్ల వైపే పోయింది.

సంఘ పెద్ద ఒక కన్ను తెరిచాడు. తరవాత రెండోది.

"పంతులు, ప్రభువు దిక్కు కాలు జాపుతవా?"

వంచిన తలలన్నీ లేచాయి. "మడుస్తలేదు," అన్నాను.

"జర మడువు. పంతులువే గట్ల కూసుంటె సంఘమేం నేర్సుకుంటది?"

ఆడవాళ్ళ వైపు నుంచి మా ఆవిడ గొంతు వచ్చింది. "కాలున్నది గద పెద్దయ్యా. ఉన్నోడు జాపుతడు."

వెనక ఎవరో నవ్వి, నవ్వును దగ్గుగా మార్చుకున్నారు. సంఘ పెద్ద కళ్ళు మూసుకోలేదు. నా పాదం వైపే చూస్తూ, నేను దాన్ని వెనక్కి తీసుకునేదాకా ఆగుతానన్నట్టు ఉన్నాడు. ఆయన్ను అట్లాగే ఉండనిచ్చి నేను ప్రార్థన మొదలుపెట్టాను.